గుల్లలు ఏరబోతున్న మేనకోడలికి

భీమునిపట్నం

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు ఫోనులో పంపిన శంఖం బొమ్మను పెద్దది చేసి మరీ చూశాను. అసలైన దక్షిణావర్తమని, అంటే మామూలు శంఖానికి ఎదురువైపు తిరిగిన అరుదైన శంఖమని, ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని రాసి, ఒక చిన్న ఉద్యోగి నెల జీతమంత ధర పెట్టారు. మొదటి జీతంతో కొందామనుకుంటున్నానన్నావు. కొనవద్దు. అది మన సముద్రంలో పుట్టిన శంఖం కాదు. అమెరికా తూర్పు తీరంలో, మెక్సికో సింధుశాఖలో బతికే వేరొక నత్త గుల్ల. ఆ జాతికి ఎడమవైపు తిరగడమే సహజం కాబట్టి అక్కడ అది అరుదు కాదు. దాన్నే తెచ్చి ఇక్కడ దక్షిణావర్తమని అమ్ముతున్నారు.

తేడా నువ్వే పట్టుకోగలవు. శంఖాన్ని మెలికలు తిరిగిన కొస పైకి, నోరు నీవైపు ఉండేలా పట్టుకో. మామూలు శంఖానికి నోరు నీ కుడిచేతి పక్కన ఉంటుంది. దక్షిణావర్తానికి ఎడమచేతి పక్కన ఉంటుంది. పూజలో పట్టుకునే తీరు దీనికి తలకిందులు కనుక అక్కడ కుడి అంటారు. ఇప్పుడు నోటి లోపలికి వెలుగు పడేలా తిప్పు. మన శంఖానికి లోపలి స్తంభం మీద మూడు నాలుగు గట్లు ఉబ్బి ఉంటాయి, వేలు పెడితే తగులుతాయి. ఆ అమెరికా గుల్లకు అలాంటి గట్లు ఉండవు. నువ్వు పంపిన బొమ్మలో నోరు బాగా కనిపిస్తోంది, గట్లు లేవు. మన శంఖాన్ని తూత్తుకుడి, రామనాథపురం తీరాల్లో తరతరాలుగా మునిగి తీస్తున్నారు. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1914లోనే ఆ వేట గురించి వివరంగా రాశాడు. అన్ని శంఖాలు తీసే ఆ మనుషులకు కూడా ఎడమనోటి శంఖం కనబడటం గొప్ప సంగతి. అలాంటిది ఫోనులో ఒకే అంగడిలో డజను వరసపెట్టి ఉంటే ఏమనుకోవాలో నువ్వే ఆలోచించు.

ఇక నీ అసలు ప్రశ్న, అరుదైన గుల్లలు ఎక్కడ దొరుకుతాయని. ఆ ప్రశ్నను కాస్త తిప్పి అడగడం నేర్చుకో. ఈ గుల్లలో ఉండే ప్రాణి ఎక్కడ బతుకుతుంది, ఏం తింటుంది, దాన్ని ఏది తింటుంది అని అడుగు. జవాబు తెలిసినవాళ్లకు గుల్ల దొరుకుతుంది. గ్లోరియామారిస్ అనే శంకువు ఆకారపు గుల్ల ఉంది. 1777లో దానికి పేరు పెట్టారు. ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాలు యూరప్‌లో రాజులూ ధనికులూ దానికోసం పోటీపడ్డారు. 1969లో సాలమన్ దీవుల్లో గ్వాడల్కనాల్ దగ్గర డైవర్లకు ఆ నత్తలు కాపురముండే చోటు తెలిసింది. ఒక్కసారిగా గుల్లలు బయటికి వచ్చాయి, ధర పడిపోయింది. అంతకాలం అది అరుదుగా ఉండటానికి కారణం దాని చిరునామా ఎవరికీ తెలియకపోవడమే. మన బంగాళాఖాతం పేరుతోనే బెంగాలెన్సిస్ అనే ఇంకో శంకువు గుల్ల ఉంది. దానికి 1968లో కానీ పేరు పడలేదు. మన ముంగిట్లో ఉన్నదానికి అంత ఆలస్యంగా పేరు వచ్చిందంటే ఈ సముద్రంలో తెలుసుకోవలసినది ఇంకా ఎంత మిగిలిందో చూడు. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ ఒంట్లో హుషారు తెప్పిస్తుంది.

మన తీరం సంగతి ముందుగా తెలుసుకో. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు వల్ల ఇక్కడి నీళ్లు చాలాచోట్ల మడ్డిగా ఉంటాయి, అడుగంతా ఇసుక, బురద. లక్షద్వీపాల్లో, అండమాన్‌లో ఉన్నట్టు పగడపు దిబ్బలు మనకు లేవు. అందుకే పెద్ద పెద్ద మచ్చల గవ్వలు మన ఒడ్డున వెతికితే నిరాశే. ఇసుకలో దూరి బతికేవి, బురదలో పాకేవి మాత్రం మనకు పుష్కలం. విశాఖ నుంచి భీమిలి దాకా కొండలు సముద్రంలోకి దిగినచోట రాళ్లున్నాయి కాబట్టి రాతిని అంటిపెట్టుకునే జాతులు కూడా దొరుకుతాయి. కాకినాడ అఖాతంలోకి వెళితే లోకం మారిపోతుంది. అక్కడ ఎర్ర నెత్తురున్న ఆలిచిప్పలు బురదలో గుంపులుగా ఉంటాయి. గాజు పలకలా పలుచగా, వెలుతురు ఇవతలికి వచ్చే చిప్పలు కూడా అక్కడివే. గోవాలో పాతకాలపు ఇళ్ల కిటికీలకు అద్దాల బదులు ఆ జాతి చిప్పలే బిగించేవారు. ఆ చిప్ప కనిపిస్తే కళ్లారా చూడు, ఫోనులో బొమ్మ తీసుకో, తీసుకురావద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

నువ్వు మాత్రం అరుదైనవాటితో మొదలుపెట్టకు. బొత్తాం అంత ఉండే చిన్న నున్నని నత్త గుల్లలు విశాఖ ఒడ్డున తడి ఇసుకలో విరివిగా ఉంటాయి. అంబోనియం అంటారు. ఒక గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పరుచు. గులాబి, బూడిద, గోధుమ రంగులు, చారలు, చుక్కలు, మెరుపు గీతలు, ఒకదాని రంగు ఇంకొకదానికి రాదు. అన్నీ ఒకే జాతి. ఒకే జాతిలో ఇన్ని రూపాలుంటాయని నీ కంటికి అలవాటు కావాలి. లేకపోతే రంగు మారిన ప్రతి గుల్లా కొత్త జాతేనని సంబరపడతావు, నిజంగా వేరే జాతి కాలి దగ్గరకొస్తే గుర్తుపట్టలేవు. ఆ గుల్లలతో పాటు చిన్న ఆలిచిప్పలు కూడా ఏరు. కొన్నింటికి కీలు దగ్గర చక్కగా గుండ్రంగా, లోపలికి ఏటవాలుగా తొలిచిన చిల్లు ఉంటుంది. దండకు గుచ్చడానికి ఎవరో వేసినట్టుంటుంది కానీ, అది మాంసం తినే నత్త పని. ఇసుకలో పాకి వచ్చి, చిప్పను పాదంతో చుట్టి, నాలుకతో తొలిచి లోపలి ప్రాణిని తింటుంది. చిల్లు ఉన్న చిప్పలు ఎక్కువగా పడ్డచోట ఆ వేటగత్తె నత్త గుల్ల కూడా పడుతుంది. వెతకడమంటే ఇలా ఒక గుల్లను చూసి ఇంకొక గుల్లను ఊహించడం.

వేళ గురించి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువగా వస్తుంది, పాటు కూడా అంతే బాగా వెనక్కి పోతుంది. ఆ రోజుల్లో నీళ్లు పూర్తిగా తగ్గే సమయానికి గంట ముందు ఒడ్డున ఉండు. తగ్గే నీళ్ల వెంట నడు, తిరిగి పెరగడం మొదలవగానే వెనక్కి వచ్చేయి. ఒక పోటుకూ ఇంకో పోటుకూ నడుమ పన్నెండు గంటలా ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అంటే ఈ రోజు ఆరింటికి పాటు ఉంటే రేపు దాదాపు ఏడింటికి. వేళలు, అలల హెచ్చరికలు హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఇస్తుంది. నువ్వు ఉండేది ఆ ఊళ్లోనే కనుక ఒకసారి వాళ్ల సమాచారం చదవడం అలవాటు చేసుకో. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం సంగతులు చెప్పే సంస్థ అది, నాకు గౌరవం.

ఎండ ఎక్కిన తర్వాత నడిస్తే కళ్లు చెదిరి ఏదీ కనిపించదు. పొద్దున్నే సూర్యుణ్ణి వెనకపెట్టుకుని నడిస్తే నీ నీడే అడ్డం. సూర్యుడు ఎదురుగా, కాస్త పక్కగా ఉండేలా నడు. తడి గుల్ల మెరుస్తుంది. మొదట అలలు వదిలిన చెత్త గీత పట్టుకుని పైనుంచి నడు, తిరుగు ప్రయాణంలో నీటి అంచున నడు. పై గీతలో తేలికైనవి, పలచనివి ఉంటాయి. కింది అంచున బరువైనవి ఉంటాయి. పుల్లలు, నాచు, చిరిగిన వల ముక్కల కుప్పలు కనిపిస్తే ఆగి కర్రతో విప్పి చూడు. చాలామంది అవి చెత్తని దాటిపోతారు. అందులోనే గుల్లలు చిక్కుకుని ఉంటాయి.

ఊదా నత్త గురించి విడిగా చెప్పాలి, అది నాకు ప్రాణం. దాని పేరు జాంతినా. నడిసముద్రంలో తానే బుడగలు కూర్చి తెప్ప కట్టుకుని, దాని కింద తలకిందులుగా వేలాడుతూ జీవితమంతా తేలుతుంది. ఈత రాదు, గాలి ఎటు తోస్తే అటు. గుల్ల ఉల్లిపొర కంటే కాస్త మందం, అంతే. గాలి రోజుల తరబడి సముద్రం నుంచి ఒడ్డుకు కొట్టినప్పుడు వచ్చి పడుతుంది. రాకకు ముందు గుర్తు ఉంది. ఇసుక మీద నీలి బుడగల్లాంటి ప్రాణులు, పొడుగాటి నీలి దారాలతో పడి ఉంటాయి. ఆ నత్త తినేది వాటినే, కాబట్టి రెండూ ఒకే గాలికి వస్తాయి. నీలి బుడగలు కనబడ్డాయంటే చెత్త గీత వెంట ఒంగి నడువు. కానీ చెప్పులు లేకుండా నడవకు, దారాలను చేత్తో ముట్టకు. చచ్చినా అవి కుడతాయి, మంట గంటల తరబడి ఉంటుంది. మొదటిసారి నాకు పగలని ఊదా గుల్ల దొరికిన రోజు అరచేతిలో పెట్టుకుని ఇంటిదాకా నడిచాను, సంచిలో వేయడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడయితే దూది పరిచిన చిన్న డబ్బా ఎప్పుడూ నా దగ్గరుంటుంది. నువ్వూ ఉంచుకో.

తుపాను తర్వాత ఒడ్డు చూడాలని అడిగావు కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ చెట్టన్నది నిలవలేదు. దారులు తెరిచాక మన వీధి చేపల అక్కలతో కలిసి ఒడ్డుకు వెళ్లాను. ఇసుక మీద మనిషి లోతు కోత, కిందికి దిగితే విసనకర్ర ఆకారంలో ఉండే పెద్ద చిప్పలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఎప్పుడూ సముద్రం అడుగున బురదలో సగం పాతుకుని నిటారుగా నిలబడే ప్రాణులవి. పట్టు దారంలాంటి వాటి వేర్లు ఇసుకలో అల్లుకున్నాయి. చాలావరకు ఇంకా బతికే ఉన్నాయి, తాకితే మూసుకుంటున్నాయి. అక్కలూ నేనూ బుట్టలతో నీళ్లలోకి మోశాం. ఎన్ని బతికాయో తెలియదు. ఆ పని అయ్యాక ఖాళీవాటిలో వెతికితే మెట్ల చుట్టలాగా పైనుంచి కిందికి చూడగలిగే సూర్యచక్రం గుల్ల ఒకటి, చెక్కు చెదరకుండా దొరికింది. దాన్ని తిరగేస్తే నడిమధ్య ఒక గుంట, అందులో కొసదాకా పన్నిన అంచులు. నువ్వు సెలవులకు వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని గంటసేపు తిప్పిన గుల్ల అదే.

ఆ రోజుల్లో జాగ్రత్త మాత్రం రెట్టింపు కావాలి. తుపాను తెచ్చిన ఇసుకలో గాజు పెంకులు, తీగలు, మేకులు దాగి ఉంటాయి. కోతకు గురైన గట్టు కింద నిలబడకు, ఎప్పుడు కూలుతుందో తెలియదు. సముద్రం పైకి శాంతించినట్టు కనబడినా లోపలి లాగుడు ఇంకా తగ్గదు. యారాడలో, రామకృష్ణా బీచ్‌లో ప్రశాంతమైన రోజున కూడా మోకాలి లోతుకు దిగినవాళ్లను లాక్కుపోయిన సంగతులు మనకు తెలియనివి కావు. గుల్ల ఎంత అందంగా కనిపించినా అల వెనక్కి తీసుకుపోతుంటే దాని వెంట పరుగెత్తకు. రాళ్ల మీద ఉన్నప్పుడు సముద్రానికి వీపు పెట్టకు. నువ్వు ఒక్కతివి వెళ్లకు. ఇవి మీ నాన్న నా చేత రాయించిన వాక్యాలు కావు, నా అంతట నేను చెబుతున్నాను.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద బడి, చేపల రేవు. ఒడ్డుకు కొట్టుకొచ్చే గుల్ల సాధారణంగా లోతు తక్కువ నీళ్లది, పైగా అలల్లో దొర్లి రంగు పోయి ఉంటుంది. లోతున బతికేవి మర పడవల వలల్లో వస్తాయి. తెల్లవారుజామున విశాఖ రేవులో పడవలు చేరి, రొయ్యలూ చేపలూ వేరు చేశాక, ఎవరికీ అక్కరలేని కుప్ప ఒకటి మిగులుతుంది. అందులో ముళ్ల దువ్వెనలాంటి మ్యూరెక్స్‌లు, పొడుగాటి ముక్కున్న టిబియాలు, గోధుమ మచ్చల బాబిలోనియాలు ఉంటాయి. అదృష్టం బాగుంటే జెనోఫోరా దొరుకుతుంది. పెరిగేకొద్దీ చనిపోయిన ఇతర నత్తల గుల్లలనూ గులకరాళ్లనూ తన వీపు మీద అంచు పొడుగునా అతికించుకునే నత్త అది. మొదటిసారి చూసినవాళ్లు ఎవరో జిగురు పెట్టి చేసిన బొమ్మ అనుకుంటారు. దాని మీద అతుక్కున్న ప్రతి గుల్లా ఏ జాతిదో గుర్తుపట్టు. అది బతికిన అడుగు నేలలో ఇంకా ఏమేం ఉన్నాయో నీకు అదే చెబుతుంది.

రేవుకు వెళ్లడానికి ఒక పద్ధతి ఉంది. వేలంపాట జరుగుతున్నంతసేపు దూరంగా నిలబడు. వాళ్లకు అది పొట్ట గడిచే వేళ. పని తగ్గాక అన్నా, అక్కా అని పలకరించి, అడిగి, అనుమతిస్తేనే కుప్ప ముట్టు. వెళ్లిన ప్రతిసారీ కూరకు చేపలు కొను. నాలుగు సార్లు వెళితే నువ్వెవరో తెలుస్తుంది, ఆ తర్వాత వాళ్లే నీకోసం దాచి ఉంచుతారు. గుల్ల తీసుకునే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఎన్ని బారల నీళ్లలో లాగారు, ఎటువైపు?" నాకు రేవు పరిచయం చేసిన పెద్దాయన వలకు అంటిన బురద రంగు చూసి లోతు చెప్పేవాడు. నల్ల బురదకూ, ఆకుపచ్చ బురదకూ, ముతక ఇసుకకూ ఏ గుల్లలు వస్తాయో ఆయనకు కంఠతా. చదువు రాని ఆ మనిషి దగ్గర నేను నేర్చుకున్నంత ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఇంకొక మాట, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు రేవుకు వెళ్లి ప్రయోజనం లేదు. ఆ కాలంలో ఇంట్లో కూర్చుని ఉన్న గుల్లలకు పేర్లు వెతుక్కో.

చేపలు కోసే అక్కలతో కూడా స్నేహం చెయ్యి. అడుగున మేసే చేపల కడుపులో చిన్న గుల్లలు జీర్ణం కాకుండా మిగులుతాయి. దక్షిణాఫ్రికా తీరంలో ఫుల్టోని అనే గవ్వ చాలాకాలం ఒక జాతి చేప కడుపులోనే దొరికేది. మనిషి దిగలేని లోతుకు చేప దిగి ఏరి తెచ్చేదన్నమాట. టేకు చేప మాత్రం చిప్పలను పళ్లతో నుగ్గు చేస్తుంది, దాని కడుపులో ముక్కలే.

ఇప్పుడు భయపెట్టే సంగతి. శంకువు ఆకారపు నత్తలు, కోన్లు అంటారు, బతికి ఉన్నదాన్ని చేత్తో పట్టుకోకు. వెడల్పు వైపు పట్టుకుంటే ఏమీ కాదని కొందరు చెబుతారు, నమ్మకు. దాని నోటిలోంచి సాగే తొండం ఎటైనా తిరుగుతుంది, చివర విషం నింపిన పన్ను ఉంటుంది. చేపను క్షణంలో పడగొడుతుంది. జియోగ్రాఫస్ అనే జాతి మనుషుల ప్రాణాలు తీసింది. ఆ విషానికి విరుగుడు మందు లేదు. అండమాన్‌కో లక్షద్వీపాలకో వెళితే ఇది మరీ గుర్తుంచుకో. ఆ విషాన్ని జీవితమంతా పరిశోధించిన ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త బాల్డొమేరో ఒలివేరా బృందం పని వల్ల, మాగస్ అనే ఇంకో కోన్ విషం ఆధారంగా తీవ్రమైన నొప్పికి మందు తయారై, 2004లో అమెరికాలో అనుమతి పొందింది. ప్రాణం తీయగల నత్త నుంచే మార్ఫిన్‌కు లొంగని నొప్పికి ఉపశమనం వచ్చింది. అలాంటి ప్రాణిని అలమరలో అలంకారం కోసం చంపడం నాకు చేతకాదు.

అందుకే చెబుతున్నాను, బతికి ఉన్నదాన్ని తీసుకోకు. ఎంత అరుదైనదయినా సరే. ఖాళీగా కనిపించిన గుల్లను కూడా వెంటనే సంచిలో వేయకు. తడి ఇసుక మీద నోరు కిందికి ఉండేలా పెట్టి, కదలకుండా కాసేపు చూడు. సన్యాసి పీత ఉంటే మెల్లగా కాళ్లు బయటపెట్టి నడక మొదలుపెడుతుంది. దానికి సొంత గుల్ల లేదు, పెరిగినకొద్దీ పెద్ద ఇల్లు వెతుక్కోవాలి. మనం ఒడ్డున ఉన్న మంచి గుల్లలన్నీ ఊడ్చుకొస్తే అది ప్లాస్టిక్ మూతల్లో దూరుతుంది. ఒక జాతికి ఒక గుల్ల, మహా అయితే చిన్నదీ పెద్దదీ తేడా చూపడానికి రెండు. అంతకుమించి తీసుకోకు.

చట్టం కూడా తెలుసుకో. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2001లో కొన్ని సముద్రపు గుల్లలను కూడా దాని పట్టికల్లో చేర్చారు. తలపాగాలా బరువుగా ఉండే కొమ్ముల హెల్మెట్ గుల్ల, ఊదే బూరలా ఉండే ట్రైటన్, గదులు గదులుగా ఉండే నాటిలస్, రాక్షస ఆలిచిప్పల్లో రెండు జాతులు అందులో ఉన్నాయి. వేళ్లలాంటి కొమ్ములున్న లాంబిస్‌లలో కొన్ని, కాకినాడ గురించి చెప్పిన గాజు పలకల చిప్ప కూడా ఉన్నాయి. అవి కొనడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం మనల్ని చిక్కుల్లో పడేస్తాయి. యాత్రాస్థలాల్లో అంగళ్లలో బాహాటంగా కనబడుతున్నాయి కదా అని వాదించకు. అంగడివాడికి జరిగేది జరుగుతుంది, నీ చేతిలో ఉంటే నీకు. అండమాన్ నుంచి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో సంచులు విప్పి చూస్తారు. మన్నార్ సింధుశాఖలోనూ అండమాన్‌లోని వండూర్ దగ్గరా ఉన్న సముద్ర జాతీయ ఉద్యానాల్లో ఒక్క ముక్క కూడా ముట్టకూడదు. కాకినాడ దగ్గర హోప్ దీవికి వెళ్లాలన్నా అటవీశాఖ అనుమతి తీసుకో. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో రాత్రిపూట టార్చిలైటుతో గుల్లల వేట వద్దు, వెలుతురుకు అవి బెదిరి వెనక్కి పోతాయి.

ఇంత తిరిగి తెచ్చిన గుల్లకు చీటీ రాయకపోతే అంతా వృథా. ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. చీటీ లేని గుల్ల ఎంత అందంగా ఉన్నా అలంకారమే. చీటీ ఉన్నది సాక్ష్యం. తేదీ, ఊరు, ఒడ్డున ఏ భాగం, రేవులో అయితే ఎన్ని బారల లోతు, అడుగు ఇసుకా బురదా, గుల్ల ఖాళీగా దొరికిందా పీత ఉండి వదిలిందా, ముందురోజు గాలి ఎటునుంచి వీచింది, ఇవన్నీ అదే రోజు రాయాలి. రేపు రాద్దామంటే మరిచిపోతావు. పెన్సిలుతో మంచి కాగితం మీద రాసి గుల్లతోపాటే పెట్టు. గుల్ల మీద రంగు పెన్నుతో రాయకు. ఇవాళ మామూలుగా దొరికేది యాభై ఏళ్ల తర్వాత ఇక్కడ లేకపోవచ్చు. అప్పుడు నీ చీటీ చదివినవాళ్లకు అది ఒకప్పుడు ఈ ఒడ్డున ఉండేదని తెలుస్తుంది. పేరు తేలనివాటిని భారత జంతుశాస్త్ర సర్వే వాళ్లకో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పేవాళ్లకో చూపించు. నీ చీటీ బాగుంటే వాళ్లు నీతో మాట్లాడతారు.

కళ్లతోపాటు వేళ్లకూ నేర్పు. గీరత్ వెర్మే అనే శాస్త్రవేత్తకు చిన్నతనంలోనే చూపు పోయింది. ఆయన వేలికొసలతో తడిమే గుల్లల జాతులు గుర్తిస్తాడు. పీత గిల్లిన మచ్చ, విరిగి మళ్లీ అతుక్కుని పెరిగిన గీత కూడా తడిమే పట్టుకుంటాడు. మూడున్నర శతాబ్దాల కిందట ఇండోనేషియాలోని అంబాన్ దీవిలో ఉన్న ప్రకృతి పరిశోధకుడు రంఫియస్ 1670లో చూపు పోగొట్టుకున్నాక కూడా గుల్లల గురించి రాయిస్తూనే ఉన్నాడు. రోజూ కాసేపు కళ్లు మూసుకుని ఒక గుల్లను తడుము. గట్లు ఎన్ని, మెలికలు ఎన్ని, అంచు పదునా మందమా, మనసులో చెప్పుకో. నాకు ఇప్పుడు చూపు తగ్గింది, ఈ అలవాటే ఆదుకుంటోంది.

శుభ్రం చేయడం పెద్ద విద్య కాదు. మంచినీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్లు మార్చి, మెత్తని పాత పళ్ల బ్రష్‌తో రుద్దు, నీడలో ఆరబెట్టు. నిమ్మరసం, వెనిగర్, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం దగ్గరకు రానీయకు. గుల్ల అంటే సున్నమే కదా, ఆమ్లం దాన్ని తినేస్తుంది. మన పెద్దలు గుల్లలు కాల్చి గుల్లసున్నం చేసి గోడలకు పూసింది అది సున్నం కనుకే. మెరుపు కోసం వార్నిష్ పూయకు. నిలవ చేసే చోటు గురించి మాత్రం పట్టుదలగా ఉండు. కొత్త ప్లైవుడ్ అలమరలోంచి, నాసిరకం అట్టపెట్టెల్లోంచి సన్నని ఆమ్లపు ఆవిరి వస్తుంది. తేమ తోడైతే గుల్లల మీద తెల్లని బూజులాంటి పొడి పుడుతుంది, అది బూజు కాదు, గుల్ల కరిగిపోతున్న గుర్తు. 1899లో దాని గురించి రాసిన బైన్ పేరుతో బైన్ జబ్బు అంటారు. ఇనుప బీరువా, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు మేలు. మన సముద్రతీరపు చెమ్మకు నెలకొకసారి డబ్బాలు తెరిచి గాలి తగలనివ్వు.

మీ నాన్నకు చెప్పి పుష్య అమావాస్య దగ్గరపెట్టుకుని రా, సంక్రాంతి జనం తగ్గి ఉంటారు. కాలికి పట్టే రబ్బరు చెప్పులు, గొడుగు కాదు టోపీ, పాత పళ్ల బ్రష్ ఒకటి, చెక్కిన పెన్సిళ్లు తెచ్చుకో. భూతద్దం నా దగ్గర ఉంది. మొదటి రోజు గోస్తని సముద్రంలో కలిసేచోట నడుద్దాం, రెండో రోజు చీకటితో లేచి రేవుకు వెళదాం. చేపల అక్కకు నువ్వు వస్తున్నావని చెప్పాను. కిందటి నెల వలలో వచ్చిన జెనోఫోరా ఒకటి దాచి ఉంచింది, ఎన్ని బారలో ఆమెనే అడిగి చీటీ నువ్వే రాయాలి. ఆ శంఖం అమ్మే మనిషికి మాత్రం ఇవాళే వద్దని చెప్పేసెయ్యి.

మీ అత్త